క్రిస్మసు శుభలేఖలు – విశాఖ తీరము

దూరముననున్న ఆత్మీయులకు మనసులోని మాటను చేర్చుట మానవునకు అనాదిగా గల కోరిక. రుక్మిణీదేవి అగ్నిద్యోతనుడను విప్రుని ద్వారకకు పంపినది. నలదమయంతుల నడుమ హంస రాయబారము నడపినది. కాని వారు రాజవంశజులు. వార్తాహరుని నియోగించు శక్తి సామాన్యునకు ఎప్పుడు కలిగినది? ఈ ప్రశ్నకు సమాధానము కావ్యములలో దొరకదు. తపాలా సుంకముల చరిత్రలో దొరకును. క్రిస్మసు శుభలేఖల కథయు అచ్చటనే ఆరంభమగుచున్నది.

ఇంగ్లండులో పూర్వము దూరమునుబట్టియు, కాగితముల సంఖ్యనుబట్టియు ఉత్తరపు సుంకము పెరుగుచుండెను. పెక్కుమార్లు దానిని అందుకొనువాడే చెల్లింపవలసి యుండెను. రోలండ్ హిల్ కృషి ఫలితముగా 1840లో ఒక పెన్నీ తపాలా అమలులోనికి వచ్చెను. ఈ సంస్కరణకు తోడ్పడినవారిలో హెన్రీ కోల్ ఒకడు. 1843లో మిత్రులందరికి పండుగ ఉత్తరములు వ్రాయుటకు తీరిక చాలక, ఆయన జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అను చిత్రకారునిచే ఒక బొమ్మ వ్రాయించి అచ్చొత్తించెను. నడుమ ఒక కుటుంబము విందారగించుచుండును; ఇరుప్రక్కల ఆకలిగొన్నవారికి అన్నము, బట్టలేనివారికి బట్ట ఇచ్చు దృశ్యములుండును. పసిబిడ్డకు సైతము మద్యపాత్ర అందించుచున్నట్లు చిత్రించిరని మద్యపాన విరోధులు నిందించిరి.

ఇంచుమించు వేయి ప్రతులు అచ్చుపడినవి. ఒక్కొక్కదాని వెల ఒక షిల్లింగు, అనగా పండ్రెండు పెన్నీలు. లేఖను పంపుటకు ఒక పెన్నీ, లేఖను కొనుటకు పండ్రెండు! ఈ లెక్క సామాన్యునకు కుదరలేదు. కనుకనే ఆ పద్ధతి వెంటనే వ్యాపింపలేదు. రంగుల శిలాముద్రణ చౌకబడి, 1870లో అర్ధ పెన్నీ తపాలా వచ్చిన పిమ్మటనే అది ఇంటింటి ఆచారమయ్యెను. ఆ దశకముననే అమెరికాలోని బోస్టన్ నగరమున లూయీ ప్రాంగ్ అను ముద్రాపకుడు ఇట్టి లేఖలను రంగులతో అచ్చువేసి ప్రసిద్ధుడయ్యెను.

మనదేశమున 1854 అక్టోబరు 1 నుండి దూరముతో నిమిత్తము లేని అరణా తపాలా ఏర్పడెను. 1879 జూలై 1న పావు అణా కార్డు వచ్చెను. 1880లో మనియార్డరు పద్ధతి ఆరంభమయ్యెను. ఈ మూడును కలిసి పేదవానికి గూడ ఒక హంసను ప్రసాదించినవి.

ఇక విశాఖపట్టణమునకు వత్తము. 1805లో లండన్ మిషన్ వారి జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ ఇచ్చట అడుగిడిరి. ఆనందరాయరను బ్రాహ్మణ క్రైస్తవుని సాయముతో సువార్తలను తెలుగు చేయనారంభించిరి. అనువాదకులిరువురును అకాలమరణము చెందిరి. పిదప మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రితమైనవి. అందు లూకా సువార్త యొకటి. పసులతొట్టిలో పరుండిన శిశువును గూర్చి గొఱ్ఱెల కాపరులకు దేవదూత తెలిపిన శుభవార్త అందులోనిదే. 1846లో ఆన్నెసీ పట్టణపు రోమను కథోలిక గురువులును విశాఖకు వచ్చిరి. రేవు చెంత మూడు కొండలపై దేవాలయము, చర్చి, దర్గా ప్రక్కప్రక్కన వెలసిన ఊరిలో ఒకరి పండుగ మఱియొకరికి తెలియకుండుట అసంభవము.

లేఖనమునకు విశాఖ చేసిన సేవ మఱియొకటి కలదు. పదునెనిమిదవ శతాబ్ది నుండియు ఇచ్చటి పనివారు దంతము, తాబేటి డిప్ప, దున్నకొమ్ము, చందనపు కఱ్ఱలతో వ్రాతపెట్టెలు చేయుచుండిరి. ఐరోపీయులు వానిని ప్రీతితో కొని స్వదేశమునకు గొనిపోయిరి. నేటికిని విదేశ ప్రదర్శనశాలలలో విశాఖపట్టణపు పని యను పేరుతో అవి కానవచ్చును. కలము, సిరా, కాగితము దాచుకొను ఆ పెట్టెలలో మన శిల్పి చేతివ్రేళ్ల నేర్పు సముద్రములు దాటినది.

1890ల దశకమున తూర్పుతీరపు రైలుమార్గము వచ్చెను. వాల్తేరు రైల్వే కుటుంబములలో ఆంగ్లో ఇండియనులు పలువురుండిరి. 1933 అక్టోబరు 7న జలదుర్గ యను ఓడ క్రొత్త రేవున ప్రవేశించెను. డిసెంబరు 19న, అనగా క్రిస్మసునకు ఆరు దినముల ముందు, వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనముగా ప్రారంభించెను.

ఈ తీరము నుండియే వేలకొలది తెలుగు కూలీలు రంగూనుకు తరలిరి. వారికి రంగుల లేఖలు కొను స్తోమత లేదు. మనియార్డరు ఫారము అడుగున వ్రాయుటకు విడిచిన చోటే వారి శుభలేఖ. రూకలతోపాటు రెండు పంక్తుల క్షేమము. 1941 డిసెంబరు 23న, మరల సరిగా క్రిస్మసునాడు, జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించినవి. వేలాదిమంది అరకాను కనుమలు, అస్సాము కొండలు పట్టి కాలినడకన బయలుదేరిరి. పలువురు త్రోవలోనే మడిసిరి. 1942 ఏప్రిలు 6న విశాఖపైనను బాంబులు పడినవి. తపాలా బంట్రోతు రాక కొఱకు వీధియరుగుపై కూర్చున్న తల్లికి ఒక కార్డుముక్క విలువ ఎంతయో ఆ యేడు తెలిసినది.

స్వాతంత్ర్యానంతరము ఈ ఆచారము మతపు ఎల్లలు దాటినది. డిసెంబరు వచ్చెనన్న అంగళ్ల ముందు త్రాళ్లపై కార్డులు వ్రేలాడుచుండెడివి. క్రిస్మసు, క్రొత్త సంవత్సరము, సంక్రాంతి మూడింటికిని ఒకే అంగడి. కవరు అంటింపక బుక్ పోస్టుగా పంపిన సుంకము తక్కువగా నుండెడిది. ఉక్కు కర్మాగారమునకు 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, దేశము నలుమూలల నుండి పనివారు చేరినపుడు, వారి పండుగ లేఖలును నలుమూలలకు పోవలసినవే.

కొనలేని బాలురు తామే చేసికొనిరి. దళసరి కాగితము మడచి, నక్షత్రము కత్తిరించి, మైదా జిగురుతో దూదిని మంచుగా అంటించెడివారు. మంచు నెరుగని సముద్రతీరమున మంచుబొమ్మ! అది ఇంగ్లండు చలికాలము నుండి వచ్చినది గాని సువార్త నుండి కాదు. గోవాకు చెందిన చిత్రకారుడు ఏంజెలో డ ఫోన్సెకా మరియమ్మకు చీరకట్టి చిత్రించెను. ఆ దృష్టితో చూచిన తాటిచెట్టు, పసులపాక, తెరచాప పడవ గల విశాఖ బాలుని బొమ్మయే ఉచితమైనది.

1992 ఆగస్టు 1న ఉక్కు కర్మాగారము జాతికి అంకితమయ్యెను. ఆ యేడే డిసెంబరు 3న ఇంగ్లండులో మొట్టమొదటి చరవాణి సందేశము వెడలినది. అందలి మాటలు క్రిస్మసు శుభాకాంక్షలే! తీరిక చాలక కోల్ కనిపెట్టిన లేఖను మఱింత తీరిక చాలని కాలము మూలకు త్రోసినది. 2013లో తంతి సేవయు ముగిసెను. వేగమును నిందింపనక్కఱలేదు, కొడుకు క్షేమము క్షణములో తెలియుట తల్లికి మేలే.

అయినను ఒక నష్టము కలదు. కార్డుపై చేవ్రాలు, తేదీ, తపాలా ముద్ర, పంపిన ఊరు ఉండును. అది చిన్న దస్తావేజు. రాజుల చరిత్రకు శాసనములున్నవి. రేవు కూలీ, రైల్వే గార్డు, ఉక్కు కార్మికుని చరిత్రకు ఇట్టి కాగితపు ముక్కలే సాక్ష్యము. చరవాణిలోని మాట యంత్రముతోపాటు పోవును. కనుక పెట్టెల అడుగున, చూరు సందులలో మిగిలిన పాతకార్డులను చెదలకు విడువక గ్రంథాలయమునకు చేర్చుట మేలు. పుస్తకములు భద్రపరచిన బీరువాలో ఒక అర వానికిచ్చిన చాలును. స్వర్ణోత్సవము నాటికి ఈ ఊరివారి చరిత్ర వ్రాయువానికి అది ధనాగారమగును.