సకినాలు, చక్కిలాలు – ఒక పాత కథ

సంక్రాంతి దగ్గరపడుతోందంటే మన ఇళ్ళల్లో బియ్యం నానుతాయి. కోస్తా వైపు అరిసెలకీ, చెక్కలకీ, తెలంగాణలో సకినాలకీ. చేసే పద్ధతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇవి మన మూకుట్లోకి ఏ దారిన వచ్చాయో కాస్త చెప్పుకుందాం.

చరకసంహితలో ‘శష్కులి’ అని ఒక వంట పేరుంది. బియ్యప్పిండిలో నువ్వులు కలిపి నూనెలో వేయించేదని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. చెవి దొప్పని కూడా సంస్కృతంలో ‘కర్ణశష్కులి’ అంటారు. అంటే ఆ వంట వంకర తిరిగి గుండ్రంగా ఉండేదన్నమాట! కన్నడిగుల చక్కులి, మరాఠీవారి చకలీ, మన చక్కిలం ఆ మాట నుంచే వచ్చాయనేవారున్నారు. మాట సంగతి పండితులు చూసుకుంటారు గాని, వంట సంగతి మనకే బాగా తెలుసు. సకినంలో ఏముంటాయి? బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు. చాలా ఇళ్ళల్లో ఈనాటికీ కారం వెయ్యరు. ఆ పాత శష్కులికి ఇంతకంటే దగ్గర చుట్టం ఇంకేం కావాలి?

అసలు అప్పట్లో మిరపకాయే లేదు కదా! కారమంటే మిరియమే. 1498లో పోర్చుగీసువాళ్ళు కాలికట్‌లో దిగిన తర్వాతే అమెరికా ఖండపు మిరప మన దేశానికి చేరింది. వేరుశనగదీ ఆ ఖండమే. మద్రాసు రాజధానిలో దాని సాగు బాగా పెరిగింది పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలోనే. అంతకుముందు మూకుట్లో కాగింది ఎక్కువగా నువ్వుల నూనే. అందుచేత ఎర్రగా కారంకారంగా ఉండే మన చెక్కలు సకినాలకంటే చాలా చిన్నవి, వయసులో.

ఇక పుస్తకాల్లో దొరకనిది ఆడవాళ్ళ రెక్కల కష్టం. నానిన బియ్యం వడేసి, తడి ఆరకుండానే దంచి జల్లించాలి. ఆ తడిపిండి నిలవుండదు, పులుస్తుంది. ఏ రోజుది ఆ రోజే అయిపోవాలి. ఒక్క మనిషివల్ల అయ్యే పనా? అందుకే ఇరుగుపొరుగు అమ్మలక్కలందరూ పీట వేసుకుని కూర్చునేవారు. పిండిమర వచ్చి రోకలి పోటు తప్పించింది, చాలా సంతోషం. రోకలిపాటలు పోయాయని బాధపడేవాళ్ళు ఒక పూట దంచి చూస్తే తెలుస్తుంది.

బియ్యానికే కటకటైన రోజులూ ఉన్నాయి. 1942లో బర్మా జపానువారి చేతికి చిక్కాక అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. తర్వాత పట్నాల్లో రేషను వచ్చింది. కొలిచి ఇచ్చే బియ్యంలోంచి పండక్కి నాలుగు గుప్పెళ్ళు తీయాలంటే, ఇల్లాలు ముందు తన కంచంలోంచే తీయాలి.

జంతికలకి ఇత్తడి గొట్టం ఉంది. సకినానికి వేళ్ళే గొట్టం. గుడ్డ మీద వరసమీద వరస చుట్టి, కాస్త ఆరనిచ్చి నూనెలో వేయాలి. ఇప్పుడు హైదరాబాదులోనూ కరీంనగర్‌లోనూ కిలోల లెక్కన చేసి అమ్మే ఆడవాళ్ళున్నారు, అమెరికాలో ఉన్న పిల్లలకి పార్సెళ్ళూ వెళుతున్నాయి. వాళ్ళ దగ్గర కొనేటప్పుడు పది రూపాయలకి బేరమాడకండి, తల్లీ. ఒక్కొక్క చుట్టూ చేత్తో తిప్పిందే.