శ్రీరంగం గోపాలరత్నం (1939–1993)

విజయవాడ ఆకాశవాణి ద్వారా తెలుగు ఇళ్లకు చిరపరిచితమైన శ్రీరంగం గోపాలరత్నం శాస్త్రీయ కచేరీ, హరికథ, యక్షగానం, జావళి, ఎంకి పాట, లలితగీతం అన్నింటినీ ఒకే గొంతుతో, దేని మర్యాద దానికి చెల్లించి పాడిన గాయని. అమెరికాలో ఆఫ్రికన్ అమెరికన్ల చర్చి గానంలోని ఆర్తిని లౌకిక ప్రేమగీతాలకు అందించిన పాటను సోల్ సంగీతం అంటారు. తెలుగులో దానికి సరిసమానమైన సంప్రదాయం లేకపోయినా, కీర్తనలోని ఆర్ద్రతనే పల్లెపదంలోనూ పలికించిన గాయనిగా గోపాలరత్నాన్ని ఆ కోవకు దగ్గరగా చెప్పుకోవచ్చు.

ఆమె 1939లో విజయనగరం జిల్లా పుష్పగిరిలో వరదాచారి, సుభద్రమ్మ దంపతులకు జన్మించారు. కవిరాయని జోగారావు వద్ద, వృత్తిరీత్యా వైద్యుడైన మహావిద్వాంసుడు శ్రీపాద పినాకపాణి వద్ద సంగీతం అభ్యసించి, 1956లో డిప్లొమా పొందారు. చిన్నతనంలోనే ఆమె హరికథలు చెప్పారు. ఒక్కరే కథకులై, గాయకులై, అభినేతలై, కాలి గజ్జెలతో లయ నిలుపుతూ పురాణగాథను నడిపించే ఈ ప్రక్రియలో వెనక కూర్చున్న శ్రోతకు సైతం మాట అర్థం కాకపోతే కథ సాగదు. గమకం ఎంత సంక్లిష్టమైనా అక్షరాన్ని నలగనివ్వని ఆమె ఉచ్చారణకు ఈ అలవాటే మూలమనిపిస్తుంది.

1948 డిసెంబరు 1న ప్రారంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు వంటి సంగీతజ్ఞుల కృషితో తెలుగు సంగీతానికి ప్రయోగశాల అయింది. హైదరాబాదు, విజయవాడ కేంద్రాల్లో గోపాలరత్నం నిలయ విద్వాంసురాలిగా, అంటే జీతంపై కేంద్రంలోనే ఉండి పాడే కళాకారిణిగా, పనిచేశారు. ఈ ఉద్యోగంలో ఉన్నవారికి ఉదయం స్తోత్రం, మధ్యాహ్నం సంగీత రూపకంలో ఒక పాత్ర, సాయంత్రం లలితగీతం పాడవలసి రావడం మామూలే కనుక, ఇంత బహుముఖమైన గొంతుకు అంతకన్న తగిన చోటు ఉండేది కాదు. మైకు తీరు సభ తీరుకు భిన్నమైనది. సభలో గొంతెత్తి చివరి వరుస దాకా వినిపించాలి, మైకు ముందైతే ఊపిరి తీసిన చప్పుడు కూడా శ్రోత చెవిన పడుతుంది కాబట్టి, తగ్గు స్వరంలో భావం పలికించే నేర్పు కావాలి. ఆమె దాన్ని పూర్తిగా వశం చేసుకున్నారు.

భక్తిరంజని అనే ప్రాతఃకాల కార్యక్రమం ఆమె పేరును డెల్టా పల్లెల్లో ఇంటింటికీ దగ్గర చేసింది. సొంత రేడియో లేనివారికి పంచాయతీ రేడియో, కాఫీ హోటలు రేడియో ఉండేవి. పొయ్యి రాజేసే వేళకు, పాలు పితికే వేళకు ఆ పాట నడుస్తూ ఉండేది. పాడేవారి ముఖం ఎరుగని లక్షలాది శ్రోతలు గొంతును బట్టే ఆమెను పోల్చుకునేవారు.

అన్నమాచార్య సంకీర్తనల ప్రచారంలో రేడియో పాత్రను తరచు తక్కువగా అంచనా వేస్తుంటారు. 1922లో తిరుమలలో వెలుగుచూసిన ఈ సంకీర్తనల రాగిరేకులపై సాహిత్యం, రాగం పేరు ఉన్నాయే గాని స్వరం లేదు. అందువల్ల కొత్తగా వరుస కట్టిన ప్రతి పాటకూ మొదట పాడిన గొంతే ప్రమాణమయ్యేది. తిరుమల తిరుపతి దేవస్థానాల అన్నమాచార్య ప్రాజెక్టు 1978లో మొదలవడానికి ముందే ఆకాశవాణి గాయకులు ఈ పని చేపట్టారు. వారిలో గోపాలరత్నం ముందువరుసలో ఉన్నారు. తరువాత దేవస్థానం ఆమెను ఆస్థాన విదుషిగా గౌరవించింది.

ఏలూరులో న్యాయవాదిగా ఉండిన నండూరి సుబ్బారావు వాడుక పలుకుబడిలో రాసిన ఎంకి పాటలను ఆమె పాడిన తీరు వేరు. శాస్త్రీయ గాయకులు పల్లెపాటను పట్టుకుంటే దానికి పట్టుచీర కట్టడం పరిపాటి. ఆమె సంగతులు తగ్గించి, యాసను ఉన్నదున్నట్టు ఉంచి, రాగాన్ని ఛాయగా మాత్రమే మిగిల్చారు. శృంగార ప్రధానమైన చిన్న గేయం జావళి విషయంలోనూ ఇదే పొదుపు కనిపిస్తుంది. పదకర్త క్షేత్రయ్య పుట్టిన మొవ్వ, యక్షగానాల కూచిపూడి ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్న కృష్ణా జిల్లాలో ఇలాంటి ప్రక్రియల రుచి ఎరిగిన శ్రోతలు ముందునుంచే ఉన్నారు.

అనంతరం ఆమె హైదరాబాదు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసి, తెలుగు విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిని నిర్వహించారు. 1992లో పద్మశ్రీ లభించింది. మరుసటి సంవత్సరం మార్చి 16న, 54 ఏళ్లు నిండీ నిండకముందే మరణించారు.

సినిమాలకు ఆమె పాడినవి కొద్దిపాటివే గనుక, ఆమె కీర్తి దాదాపు పూర్తిగా రేడియో మీదనే నిలిచింది. ఆ రోజుల్లో ప్రసారాలు చాలావరకు ప్రత్యక్షంగా సాగేవి. టేపు ఖరీదైన వస్తువు కాబట్టి ఒకసారి ఎక్కిన పాటను చెరిపి మరొకటి ఎక్కించడమూ ఉండేది. అందుచేత నేడు వినడానికి దొరికేది ఆమె పాడిన దానిలో కొంత భాగమే; అందులోనూ భక్తిగీతాలే ఎక్కువ, జావళులు తక్కువ.