అహమ్మదునగరు కోటలో పన్నెండుగురు

1942 ఆగస్టు 9వ తేదీ తెల్లవారుజామున ఆంగ్ల ప్రభుత్వము బొంబాయిలో కాంగ్రెసు కార్యవర్గ సభ్యులను బంధించి, రైలుమీద అహమ్మదునగరు కోటకు చేర్చెను. మౌలానా అబుల్ కలాం ఆజాదుగారి సామానులో చిన్న రేడియో పెట్టె యొకటి యుండెను. తక్కిన సామాను వారికి చేరినది గాని, ఆ పెట్టె మాత్రము అధికారుల వశమై, విడుదలవరకు వారి కంటబడలేదు. రేడియోను నమ్ముకొని బ్రతుకు మాకు ఆ చరిత్రలో మొట్టమొదట మనసునకు తగిలిన సంగతి యిదియే.

తొలిదినములలో వార్తాపత్రికలు లోనికి రానీయలేదు. ఉత్తరములును లేవు. ఖైదీలు ఎచట నున్నారో బయటివారికి తెలుపనైనను లేదు. అక్బరు సేనలను 1595-96లో చాందుబీబీ ఎదిరించి నిలిచిన కోట అదియే.

లోపల నున్నవారు పన్నెండుగురు. వారికి వచ్చిన భాషలను జవహర్‌లాల్ నెహ్రూగారు తరువాత లెక్కవేసిరి: సంస్కృతము, పాలి, అరబ్బీ, పారసీకము అను ప్రాచీన భాషలు నాలుగు, నేటి భాషలు ఎనిమిది. ఆ ఎనిమిదింటిలో మన తెలుగొకటి. బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు అక్కడ నుండిరి గదా! వారు ఆ చెరలో ఆంగ్లమున వ్రాసికొన్నవి 1946లో ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’ అను పేర వెలువడినవి.

నెహ్రూగారు రాతినేలను త్రవ్వి పూలమొక్కలు పెంచిరి. 1944 ఏప్రిలు మొదలు సెప్టెంబరువరకు ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ వ్రాసిరి. ఆజాదు, గోవిందవల్లభ పంతు, నరేంద్రదేవ, అసఫ్ అలీగార్లు తమకు చేసిన సాయమును పీఠికలో స్మరించిరి. చెరసాలలో పుట్టిన గ్రంథమే యైనను అది ఒంటరివాని గ్రంథము కాదు.

ఆజాదుగారి మార్గము వేరు. వారు రాత్రి మూడవ జామునకు మించి నిద్రింపక, తమ చేతితో తామే తేనీరు కాచుకొని, చైనాదేశపు మల్లెవాసన తేయాకు తప్ప మరి దేనిని తేయాకుగా నొప్పుకొనక (పాలు కలుపుకొను సహచరులయెడ వారికి జాలియే!), మిత్రుడు హబీబుర్ రహ్మాన్ ఖాన్ షేర్వానీగారికి ఉత్తరములు వ్రాయుచుండిరి. పంపుటకు వీలులేదని తెలిసియే వ్రాసిరి. తేనీటిని గురించి, తమ గదిలో గూళ్లు పెట్టిన పిచ్చుకలను గురించి, ఎదుట మిత్రుడు కూర్చుండి వినుచున్నట్లే ముచ్చటించిరి.

1943 మార్చిలో, కలకత్తాలో వారి భార్య జులేఖా బేగముగారి జబ్బు ముదిరినట్లు వార్త వచ్చెను. ప్రభుత్వమునకు విన్నవింపదలచినచో వెంటనే పంపెదనని జైలు అధికారి యనెను. నెహ్రూగారును ఆ మాట కదిపి చూచిరి. ఆజాదుగారు అంగీకరింపలేదు. భోజనపు వేళ తప్పలేదు, వ్రాతపని మానలేదు. పత్రికలు తెచ్చు మనిషి అడుగుల చప్పుడు వినబడగానే గుండె అదరెడిదట. అయినను పత్రికను బల్లపై నుంచి, తొందరయే లేనివారివలె కలము నడిపించెడివారు. అదంతయు నటనయేయని ఉత్తరములో వారే యొప్పుకొనిరి, తమ అహంకారమునే తప్పుపట్టుకొనిరి.

ఇచట మేము వారితో ఏకీభవింపలేకున్నాము. అదే ప్రాంగణములో పదునొకండుగురు వారి ముఖమును చూచుచుండిరి. ఒక్కొక్కరి యింట ఒక్కొక్క బాధ కలదు. ఒకరు పూర్తిగా క్రుంగినచో తక్కినవారు నిలద్రొక్కుకొనుట కష్టము. ఆ నటన అహంకారమే యైనను, దానివలన తోడివారికి కలిగిన ఆసరా తక్కువది కాదు.

ఏప్రిలు 9న మరణవార్త చేరెను. రెండు దినముల పిమ్మట, 11వ తేదీని, ఆ సంగతియు ఆ మిత్రునికే, పోస్టు చేయవీలులేని ఉత్తరముననే వ్రాసికొనిరి. ఈ లేఖలు 1946లో ‘గుబారె ఖాతిర్’గా అచ్చుపడినవి.

1945 జూనులో విడుదలై హౌరా స్టేషనులో దిగిన ఆజాదుగారికి జనసముద్రము ఎదురేగెను. కారునిండ పూలమాలలు. ఇంటికి పోవుటకు ముందు భార్య సమాధికడకు బండి పోనిమ్మనిరి. ఆ మాలలలో ఒకదానిని సమాధిపై నుంచి, మౌనముగా ఫాతిహా చదివిరి.