నికాయధరుడి నుంచి గ్రంథపాలుడి వరకు

నాగార్జునకొండ మహాచైత్యపు ఆయక స్తంభాల మీద, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో చెక్కిన శాసనాలు ఆ నిర్మాణాన్ని పూర్తి చేయించిన భిక్షువు పేరు చెబుతాయి. ఆయన భదంత ఆనందుడు. శాసనం ఆయనను దీఘ, మజ్ఝిమ నికాయధరుడని పేర్కొంటుంది. ఆయన ఆచార్యులు ఆ రెండు నికాయాలతో పాటు అయిదు మాతృకలను బోధించిన వాచకులు. ఆ లోయలో 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాల్లో విహారాలు, చైత్యగృహాలు, మండపాలు బయటపడ్డాయి గాని తాళపత్రం ఒక్కటీ దొరకలేదు. అక్కడి విద్యార్థులు ఏమి చదువుకున్నారో కొంతైనా తెలుస్తున్నదంటే అది ఇలాంటి బిరుదుల వల్లనే.

నికాయధరుడంటే నికాయాన్ని ధారణలో నిలుపుకున్నవాడు. అమరావతి శాసనాల్లో వినయధరులు, భార్హుత్ శాసనాల్లో పేటకి, పంచనేకాయికుడు అన్న బిరుదులు గలవారు, భాణకులు కనిపిస్తారు. విహార పాఠశాలకు తొలి గ్రంథాలయం మనిషే. మహావగ్గలోని ఒక నియమం దీనికి చక్కని సాక్ష్యం. ఒక ఆవాసంలో ప్రాతిమోక్షం తెలిసినవారు ఎవరూ లేకపోతే, ఒక భిక్షువును పొరుగు ఆవాసానికి పంపి, నేర్చుకుని రమ్మని చెప్పాలి. పుస్తకం అడిగి తెమ్మన్న మాట అక్కడ లేదు.

ఇటువంటి గ్రంథాలయానికి ఉన్న ప్రమాదం ఎంతటిదో సింహళ సంప్రదాయానికి బాగా తెలుసు. సమంతపాసాదిక ఒక సంఘటనను చెబుతుంది. మహాభయకాలంలో మహానిద్దేసం కంఠస్థంగా వచ్చిన భిక్షువు ఒక్కడే మిగిలాడు. అతని నడవడి మంచిది కాదని పేరు. అతని వద్ద నేర్చుకొమ్మని మహారక్ఖిత థేరుణ్ణి పెద్దలు కోరినప్పుడు ఆయన మొదట ఒప్పుకోలేదు. చివరికి ఆ పాపభిక్షువు ముందే కూర్చుని, రాత్రింబగళ్లు పాఠం తీసుకుని గ్రంథాన్ని కాపాడాడు. కథలో అతిశయం ఉండవచ్చు. కానీ దాని వెనుక ఉన్న భయం కల్పితం కాదు. క్రీ.పూ. 1వ శతాబ్దిలో, వట్టగామణి అభయుని కాలంలో, త్రిపిటకాన్ని గ్రంథస్థం చేశారని దీపవంస, మహావంసలు చెప్పడానికి నేపథ్యం ఇదే.

అయితే రాత వచ్చిన వెంటనే ధారణ వెనక్కి తగ్గలేదు. 5వ శతాబ్ది ఆరంభంలో వినయ గ్రంథాల కోసం వచ్చిన ఫాహియాన్‌కు ఉత్తర భారతంలో ఆచార్యుల నోట విన్న పాఠాలే తప్ప నకలు చేసుకోవడానికి ప్రతులు దొరకలేదు. పాటలీపుత్రంలోని మహాయాన విహారంలో గాని ఆయన కోరిక తీరలేదు. అక్కడ మూడేళ్లు ఉండి సంస్కృతం నేర్చుకుని, స్వయంగా రాసుకున్నాడు.

తర్వాతి శతాబ్దాల్లో పుస్తకం విహార వ్యయంలో ఒక పద్దుగా మారింది. 6వ శతాబ్దిలో వలభి రాజు గుహసేనుడి దానశాసనం సద్ధర్మ పుస్తకాల సేకరణను ప్రస్తావిస్తుంది. సువర్ణద్వీప రాజు బాలపుత్రదేవుని కోరికపై దేవపాలుడు 9వ శతాబ్దిలో నలందా విహారానికి అయిదు గ్రామాలిచ్చిన రాగి శాసనంలో భిక్షువుల చీవరాలు, ఆహారం, ఔషధాలతో పాటు ధర్మగ్రంథాల లేఖనం కూడా ఉంది. అంతకు ముందే, నలందాలో సుమారు పదేళ్లు చదివిన ఇత్సింగ్ ఒక ఆచారాన్ని నమోదు చేశాడు. మరణించిన భిక్షువు ఆస్తిని పంచేటప్పుడు ధర్మగ్రంథాలను పంచకూడదు. సంఘమంతా చదువుకునేందుకు గ్రంథాలయంలో ఉంచాలి. ఇతర గ్రంథాలను మాత్రం అమ్మి, వచ్చిన సొమ్మును పంచుకోవచ్చు.

నలందా గ్రంథాలయ భవనాల పేర్లు (రత్నసాగరం, రత్నోదధి, రత్నరంజకం) ఎంతో తరువాతి టిబెట్ చరిత్రల ద్వారా వచ్చినవి. తవ్వకాల్లో బయటపడిన ఏ కట్టడాన్నీ వాటిలో ఒకటిగా నిర్ధారించలేదు. పాఠ్యపుస్తకాలు మాత్రం తొమ్మిది అంతస్తుల సంగతిని చూసినట్టే చెబుతాయి! అంతకంటే ఆలోచించవలసింది మరొకటుంది. ఆనందుడి శాసనం గ్రంథాన్ని మోసిన మనిషిని పేరుతో గుర్తు చేసింది. దేవపాలుని శాసనం దాతను, దానాన్ని, లేఖనాన్ని చెప్పి, ఆ ప్రతులను ఎవరు చూసుకోవాలో చెప్పకుండా విడిచింది. ప్రతులు పెరిగిన కొద్దీ పాలకుడు మరుగున పడ్డాడు. పాలయుగపు ప్రజ్ఞాపారమితా ప్రతులు పూజావస్తువులు కూడా అయ్యాయి. పూజ వల్ల కొన్ని ప్రతులు భద్రంగా నిలిచాయి, నిజమే. కానీ పూజకు పఠనం తప్పనిసరి కాదు. తెరవని పుస్తకాన్ని పురుగు నుంచి కాపాడేవాడూ, అందులో ఏముందో విద్యార్థికి చెప్పగలిగేవాడూ ఒకే రకమైన పాలకులు కారు. విహార పాఠశాలలు తాళపత్రాలను ఛాయాచిత్రాలుగా మార్చుకుంటున్న ఈ కాలంలో గ్రంథపాలుడి నియామకానికి పరికరాల నైపుణ్యం ఒక్కటే అర్హత అయితే, జాబితా ఉంటుంది గాని దారి చూపేవాడు ఉండడు.

ఈ రెండు బాధ్యతలూ కలిసి నిలిచిన ఘట్టం దూరపు కాలానిది కాదు. బర్మాలో 1953లో మింగున్ సయడా త్రిపిటకధర పరీక్షలో ఉత్తీర్ణుడయ్యాడు. 1954 నుంచి 1956 వరకు రంగూన్‌లో జరిగిన ఛట్ఠ సంగాయన ముఖ్యోద్దేశాల్లో ఒకటి పాళి త్రిపిటకాన్ని పరిష్కరించి ముద్రించడం. ప్రతులను పోల్చి చూసే పండితులకు, అచ్చుయంత్రాలకు అక్కడ కొరత లేదు. అయినా సభలో మహాసీ సయడా పుచ్ఛకుడిగా ప్రశ్నలు అడిగితే, విస్సజ్జకుడిగా మింగున్ సయడా ధారణ నుంచే సమాధానాలు చెప్పాడు.