పద్దు ఒకరిది, దిద్దుబాటు ఇంకొకరిది

1848లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, నార్వాక్ అనే చిన్న ఊరి వర్తకుడొకడి గురించి న్యూయార్క్‌లోని ఒక ఆఫీసు పుస్తకంలో పద్దు పడింది. అతని భార్య విడాకులకు, భరణానికి కోర్టుకెక్కబోతోందని, ఆస్తి ఆమెకు దక్కకుండా చేతులు మారుస్తున్నాడని ఆ పద్దు సారాంశం. సరుకు అరువిచ్చే పెద్ద వ్యాపారుల చెవిన ఆ మాట పడింది. వర్తకుడికి అరువు పుట్టడం కష్టమైంది. ఆ పుస్తకం మర్కంటైల్ ఏజెన్సీది. 1837 ఆర్థిక సంక్షోభంలో దెబ్బతిన్న పట్టు వ్యాపారి, బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారుడు లూయిస్ టాపన్ 1841లో దాన్ని పెట్టాడు. ఊరూరా ఉన్న వకీళ్లు స్థానిక వర్తకుల గుట్టుమట్లు రాసి పంపేవారు, గుమాస్తాలు వాటిని పెద్ద పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించేవారు. చందాదారు వస్తే గుమాస్తా అతనికి చదివి వినిపించేవాడు. ఎవరి గురించి రాశారో ఆ మనిషికి మాత్రం ఆ పుస్తకం చూసే హక్కు లేదు. నార్వాక్ వర్తకుడు పరువు నష్టం దావా వేశాడు. విచారణలో, సమాచారం ఎవరిచ్చారో చెప్పమని న్యాయస్థానం అడిగితే ఏజెన్సీ భాగస్వామి బెంజమిన్ డగ్లస్ చెప్పనన్నాడు, అందుకు జైలుకు కూడా వెళ్లాడు. జ్యూరీ వర్తకుడికి 10,000 డాలర్లు ఇప్పించింది. 1870లో సుప్రీంకోర్టు సాక్ష్యాన్ని స్వీకరించడంలో జరిగిన పొరపాటు చూపి ఆ తీర్పును కొట్టేసింది. ఒక్క పద్దు మీద పోట్లాట ఇరవై ఏళ్లు దాటింది.

అప్పుల చరిత్ర రాసే వ్యాపారంలో మొదటినుంచీ ఒక వంకర ఉంది. డబ్బు కట్టి పద్దు చదివేవాడు ఒకడు, ఆ పద్దులో బతికేవాడు ఇంకొకడు. తప్పు పడితే నష్టం రెండోవాడిది, దిద్దించుకునే తిప్పలూ అతనివే. తర్వాత వచ్చిన చట్టాలు ఈ భారాన్ని కొద్దికొద్దిగా పద్దు రాసేవాళ్ల వైపు జరిపాయి గానీ తలకిందులు చేయలేదు. 1899లో అట్లాంటాలో ఊల్‌ఫోర్డ్ సోదరులు పెట్టిన రిటైల్ క్రెడిట్ కంపెనీ (1975 నుంచి దాని పేరు ఈక్విఫాక్స్) 1960ల నాటికి కోట్లమంది మీద ఫైళ్లు పోగేసింది. బాకీలతో పాటు ఇరుగుపొరుగు చెప్పిన కబుర్లూ, తాగుడు అలవాట్లూ ఆ ఫైళ్లకెక్కాయి. దీని మీద గొడవ జరిగి, సెనెటర్ విలియం ప్రాక్స్‌మైర్ పూనికతో 1970 అక్టోబరు 26న ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం వచ్చింది. తన ఫైలులో ఏముందో తెలుసుకునే హక్కు, తప్పని చెబితే మళ్లీ విచారించమనే హక్కు, రుజువు కాని పద్దు తీసేయించుకునే హక్కు మనిషికి అప్పుడు దక్కాయి. ఈ హక్కుకు చెల్లించిన ధర గురించి ఎక్కువమంది మాట్లాడరు. ఫైలు చూపించినందుకు ప్రతిగా, ద్వేషంతోనో కావాలనో హాని చేశారని రుజువైతే తప్ప, ఇలాంటి ఫైళ్లు రాసే కంపెనీల (వీటినే క్రెడిట్ బ్యూరోలంటారు) మీద పరువు నష్టం దావా వేయకుండా అదే చట్టం అడ్డుగోడ కట్టింది. నార్వాక్ వర్తకుడు వాడిన ఆయుధాన్ని తీసుకుని చేతిలో ఒక దరఖాస్తు ఫారం పెట్టారన్న మాట.

ఇంటి తనఖా దగ్గరికొచ్చేసరికి ఆ ఫారం పస ఎంతో తేలిపోయింది. ఇంటి అప్పు ముప్పై ఏళ్లు సాగుతుంది. మధ్యలో వాయిదాలు వసూలు చేసే కంపెనీ మారిపోతుంది, పాత కంపెనీకి కట్టిన నెల సొమ్ము కొత్త కంపెనీ లెక్కలో కట్టనట్టు కనిపించవచ్చు. 1970 చట్టం బ్యూరోనే అడిగింది తప్ప, బ్యూరోకు సమాచారం పంపే బ్యాంకు జోలికి పోలేదు. 1996 సవరణ బ్యాంకు మీదా బాధ్యత పెట్టి, విచారణకు 30 రోజుల గడువు విధించింది. అందులోనూ మెలిక ఉంది. మనిషి నేరుగా బ్యాంకుకు రాసుకుంటే అది దావాకు ఆధారం కాదు, ఫిర్యాదు బ్యూరో ద్వారా వెళ్తేనే చెల్లుతుంది. బ్యూరోలేమో రసీదులు, చెక్కుల నకళ్లు జతచేసిన ఉత్తరాన్ని రెండు మూడంకెల కోడ్‌గా కుదించి కంప్యూటర్లో బ్యాంకుకు పంపేవి. కాగితాలు సాధారణంగా బ్యాంకు దాకా వెళ్లేవి కావని వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2012లో తేల్చింది. బ్యాంకు గుమాస్తా తన తెర మీది అంకెను బ్యూరో పంపిన అంకెతో పోల్చి, సరిపోయిందని రాసేవాడు. తప్పును తప్పుతోనే సరిచూడడమిది. దీన్ని విచారణ అనరాదని 2004లో ఒక క్రెడిట్ కార్డు కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. అయినా కోడ్‌ల చిక్కు వదల్లేదు. 2008 తర్వాత ఎందరో ఇళ్లను జప్తు దాకా పోనివ్వకుండా, బ్యాంకు ఒప్పుకోలుతో బాకీ కంటే తక్కువకే అమ్ముకున్నారు. దాన్ని షార్ట్ సేల్ అంటారు. దానికంటూ విడిగా కోడ్ లేక చాలామంది పద్దులు జప్తులుగా కనిపించాయి. బ్యాంకుల నుంచి ఇంటి రుణాలు కొనే ఫ్యానీ మే సంస్థ అప్పటి నిబంధనల ప్రకారం జప్తయితే కొత్త ఇంటి రుణానికి ఏడేళ్లు ఆగాలి. షార్ట్ సేలైతే, 20 శాతం సొమ్ము ముందే కట్టగలిగినవాళ్లకు రెండేళ్లు చాలు. అంకె లేకపోవడం మనిషికి ఐదేళ్ల ఆలస్యమైంది.

తప్పులు తక్కువే కదా, ఇంత రాద్ధాంతం ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012 అధ్యయనంలో, రుణం ఖరీదయ్యేంత తీవ్రమైన తప్పులు తేలింది సుమారు 5 శాతం మందికే. అమెరికాలో 20 కోట్లకు పైగా ఫైళ్లున్నాయి కాబట్టి ఆ ఐదు శాతమంటే కోటి మంది. రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. డబ్బు పుచ్చుకుని నిజమైన ఎగవేతలను కూడా తప్పులేనంటూ ఉత్తరాల వరద పారించే దుకాణాలు అక్కడ కొల్లలు, వాటిని అదుపు చేయడానికి 1996లో ప్రత్యేక చట్టమే చేయాల్సివచ్చింది. ఇదీ నిజమే. అయితే అర్థంపర్థం లేని ఫిర్యాదును పక్కన పెట్టే అధికారం బ్యూరోలకు చట్టమే ఇచ్చింది. దొంగ ఉత్తరాలున్నాయని రసీదులున్న ఉత్తరాన్ని చదవకపోవడం కుదరదు. బ్యూరోలు లేకపోతే అప్పు మళ్లీ ముఖం చూసి, కులం చూసి ఇచ్చే షావుకారు దగ్గరికి పోతుందన్న వాదనను మాత్రం నేను కాదనలేను. పుస్తకం ఉండాల్సిందే. ఆ పుస్తకంలో తప్పు పడితే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే నా పేచీ.

మన దేశంలో సిబిల్ అనే క్రెడిట్ బ్యూరో 2000లో ఏర్పడింది, బ్యూరోల మీద వచ్చిన 2005 చట్టం దిద్దుబాటుకు అదే 30 రోజుల గడువు పెట్టింది. అమెరికా చేయని పనొకటి ఇక్కడ జరిగింది. అక్కడ పరిహారం కావాలంటే కోర్టుకెక్కాలి. ఇక్కడ 30 రోజులు దాటితే ఫిర్యాదుదారుకు రోజుకు ఇంత చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది, అది 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు 21 రోజుల్లో కదలకపోతే సొమ్ము బ్యాంకు ఇవ్వాలి, బ్యాంకు కదిలినా పని పూర్తికాకపోతే బ్యూరో ఇవ్వాలి. రాసినవాడి జేబులోంచే ఖర్చు తీయించే పద్ధతి ఇది, సూత్రం సరైనదే. అప్పు తీరిపోయాక ఇంటి కాగితాలు 30 రోజుల్లో వెనక్కివ్వని బ్యాంకుకు అంతకు నెల ముందే, 2023 సెప్టెంబరులో, రిజర్వు బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు వేసింది. అదే అప్పు ఇంకా తీరలేదని రిపోర్టులో పడి ఉంటే, దిద్దని ప్రతి రోజుకూ దక్కేది 100 రూపాయలు.