గుల్మార్గ్ మంచువాలుపై తొలి అడుగు: భయం ఎందుకు, జాగ్రత్తలేమిటి?

తెల్లవారుజామున గడ్డిపై మెరిసే తుషారాన్నీ, దారి కనిపించనీయని పొగనూ, హిమాలయ శిఖరాలను కప్పే హిమాన్నీ తెలుగువారు మంచు అనే పిలుస్తారు. మైదాన ప్రాంతాల నుంచి వెళ్లినవారికి వీటిలో మూడోది బొత్తిగా కొత్త. కాళ్లకు రెండు పొడవాటి పలకలు బిగించుకొని ఆ మంచుపై నిలబడిన క్షణంలో, పాదాల కింద నేల తన అధీనంలో లేదన్న భయం ఎంతటి ధైర్యవంతుడికైనా కలుగుతుంది. స్కీయింగ్ నేర్చుకోవడంలో తొలి పాఠం ఆ భయాన్ని అర్థం చేసుకోవడమే.

దేశంలో ఈ క్రీడకు ప్రధాన కేంద్రాలు జమ్మూకశ్మీర్‌లోని గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లోని ఔలి. గుల్మార్గ్ సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గండోలా రోప్‌వే రెండు దశల్లో అఫర్వత్ పర్వతంపై 3,900 మీటర్లకు పైగా ఎత్తుకు చేరుస్తుంది. 2020లో తొలి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు గుల్మార్గ్‌లో జరిగాయి. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఈ వాలులపైనే స్కీయింగ్ నేర్చుకున్నారు.

భయం చేయించే పొరపాటు

వాలుపై జారడం మొదలుకాగానే శరీరం అప్రయత్నంగా వెనక్కి వాలుతుంది. మెట్లు దిగేటప్పుడు కాలు జారితే మనల్ని కాపాడేది ఈ సహజ స్పందనే. స్కీలపై మాత్రం ఇది ప్రమాదకరం. బరువు వెనక్కి వెళ్లిన కొద్దీ స్కీల ముందుభాగం తేలికవుతుంది. మలుపు తిప్పడం, వేగం తగ్గించడం కష్టమవుతాయి. అందువల్ల మోకాళ్లు కొద్దిగా వంచి, కాలి ముందు ఎముక బూటు ముందుభాగానికి ఆనేలా నిలబడాలని శిక్షకులు చెబుతారు. భయపడే దిశవైపే కొంత వంగడం కొత్తవారికి అన్నిటికంటే కష్టమైన పని.

ఆగడం నేర్చుకున్నాకే జారడం

మొదటి రోజు శిక్షణ దాదాపు చదునైన చోట సాగుతుంది. స్కీల ముందు కొనలను దగ్గరగా, వెనుక కొనలను దూరంగా ఉంచి, లోపలి అంచులతో మంచును ఒత్తడం ముఖ్యమైన పాఠం. స్నోప్లౌ అని పిలిచే ఈ భంగిమ వేగాన్ని తగ్గిస్తుంది. ఎడమకాలిపై బరువు పెంచితే కుడివైపు, కుడికాలిపై పెంచితే ఎడమవైపు మలుపు తిరుగుతుంది.

పడటమూ నేర్చుకోవలసిన విద్యే. అదుపు తప్పినప్పుడు పక్కకు ఒరిగి పడాలి. చేతిలోని కర్రను వదిలివేయకపోతే బొటనవేలి కీలు దెబ్బతినే అవకాశముంది. లేవడానికి ముందు స్కీలను వాలుకు అడ్డంగా, శరీరానికి దిగువన ఉంచుకోవాలి. ఈ క్రీడలో ఎక్కువగా గాయపడేది మోకాలు. బూటును స్కీతో కలిపే బైండింగ్ నిర్ణీత ఒత్తిడి దాటితే విడిపోవాలి. బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యాన్ని బట్టి దానిని సరిచేస్తారు గనుక, పరికరాలు అద్దెకు తీసుకునేటప్పుడు ఈ వివరాలను దాచకూడదు.

హెల్మెట్, చేతి తొడుగులు, కళ్లజోడు తప్పనిసరి. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం వరకు పరావర్తనం చేయగలదు. ఎత్తైన ప్రదేశానికి శరీరం అలవాటుపడేందుకు తొలిరోజు విశ్రాంతి అవసరం. తలనొప్పి, వాంతులు, ఆయాసం పెరుగుతుంటే పైకి వెళ్లకుండా కిందికి దిగి వైద్య సహాయం పొందాలి.

హద్దు దాటితే

అన్ని భయాలూ పోగొట్టుకోవలసినవి కావు. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ ప్రాంతంలో మంచుచరియలు విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో మరో ప్రమాదంలో ఒక రష్యా స్కీయర్ మరణించారు. ఇలాంటి చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులపై కదులుతాయి. భారీగా మంచు కురిసిన వెంటనే ముప్పు పెరుగుతుంది. మంచులో కూరుకుపోయినవారికి తొలి పది పదిహేను నిమిషాలే కీలకం. అందుకే నిర్దేశిత మార్గాలకు వెలుపల తిరిగే అనుభవజ్ఞులు సంకేత పరికరం, అన్వేషణ కడ్డీ, పార వెంట ఉంచుకొని జట్టుగా వెళతారు. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు చెందిన డీజీఆర్‌ఈ జారీచేసే హెచ్చరికలను గమనిస్తారు.

కొత్తవారు నిర్దేశిత వాలులను దాటకుండా, గుర్తింపు పొందిన శిక్షకుడి పర్యవేక్షణలోనే సాధన చేయాలి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ ఆధ్వర్యంలోని భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ శిక్షణ తరగతులు నిర్వహిస్తోంది. ఎంత ఎత్తు నుంచి జారామన్నది తొలిరోజు విజయానికి కొలమానం కాదు. అనుకున్న చోట ఆగగలిగితే ఆ రోజు నేర్వవలసింది నేర్చినట్లే.