అమ్మమ్మ ఎముకలకి నూటికి నూరు మార్కులు

మా అమ్మమ్మది బిట్రగుంట. అంటే మెట్టినిల్లు. తాతయ్య అక్కడి లోకోషెడ్డులో ఆవిరి ఇంజన్లతో కుస్తీ పట్టిన మనిషి. ఆవిడ పుట్టిల్లు మాత్రం కనిగిరి దగ్గర ఒక పల్లెటూరు. ఈ రెండో విషయం వెనక ఇంత కథ ఉందని నాకు మొన్నమొన్నటి దాకా తెలీదు.

రెండేళ్ల క్రితం ఆవిడని ఎముకల స్కానింగుకి తీసుకెళ్లాను. వయసు మళ్లిన ఆడవాళ్లకి ఎముకలు గుల్లబారతాయని, ముందే చూపించుకోవాలని ఎక్కడో చదివి, మనవడిగా నా బాధ్యత నిర్వర్తించానన్నమాట. రిపోర్టులో వెన్నెముక టి-స్కోరు ప్లస్ రెండున్నర! పక్కనే ఆకుపచ్చ రంగు. "నడుము వంగడంలా అబ్బయా, మెడ తిప్పలేకపోతున్నా" అని ఆవిడ అంటూనే ఉంది. "నీ ఎముకలు నా ఎముకల కంటే గట్టివి, రిపోర్టు చూడు" అని నోరు మూయించాను. ఫ్యామిలీ గ్రూపులో ఆ రిపోర్టు పెట్టి మెచ్చుకోళ్లు కూడా కొట్టేశాను.

ఆర్నెల్లు తిరక్కుండా వాకిట్లో కాలు జారి తుంటి విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరుగారు ఎక్స్-రే చూసి అడిగిన మొదటి ప్రశ్న: "ఈవిడ చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగారు?"

ఆ ప్రశ్న పట్టుకుని చదవడం మొదలుపెడితే తేలిన చరిత్ర ఇది. (నేను డాక్టర్ని కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. దీన్ని వైద్య సలహా అనుకోకండి.)

ఫ్లోరైడ్ అనగానే మనందరికీ నల్గొండ గుర్తొస్తుంది. కానీ మన దేశంలో మనుషులకొచ్చే ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదికలు వచ్చింది నెల్లూరు జిల్లా నుంచి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో దాని గురించి రాశారు. షార్ట్ అప్పట్లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేవాడు. అదే ఏడాది ఆయన మరో బృందంతో కలిసి రాసిన వ్యాసంలో బర్నార్డ్ అనే పేరు కూడా కనిపిస్తుంది. 1934లో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో మొదలైన ఎక్స్-రే సంస్థకి ఈయన పేరే పెట్టారు. అన్నట్టు, 1970లో ఒంగోలు (తర్వాత ప్రకాశం) జిల్లా ఏర్పడేదాకా కనిగిరి నెల్లూరు జిల్లాలోదే.

ఈ జబ్బు ముదిరినవాళ్ల ఎక్స్-రేలో ఎముక మామూలు కంటే తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. ఎముకల్ని కలిపి ఉంచే బంధనాల్లో కాల్షియం పేరుకుని, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి మనిషి కర్రలా బిగుసుకుపోతాడు. ఫ్లోరైడ్ ఎముకని ఎక్కువగా కట్టిస్తుంది గానీ సరిగ్గా కట్టించదు. ఇటుకలు బోలెడు, పనితనం సున్నా. చూడ్డానికి గట్టిగా ఉన్నా పెళుసుగా ఉంటుంది.

ఇక్కణ్ణుంచి కథ సముద్రాలు దాటుతుంది. ఎముకలు గుల్లబారిన వాళ్లకి ఫ్లోరైడే మందుగా ఇస్తే? 1961లో రిచ్, ఎన్‌సింక్ అనే ఇద్దరు ఈ ఆలోచన ముందుకు తెచ్చారు. తర్వాత చాలా ఏళ్లు చాలామందికి ఇచ్చారు కూడా. చివరికి 1990లో అమెరికాలోని మేయో క్లినిక్‌కి చెందిన రిగ్స్ బృందం 202 మంది ఆడవాళ్ల మీద నాలుగేళ్లు చేసిన పరీక్ష ఫలితాలు బయటపెట్టింది. సగంమందికి రోజుకి 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. నడుము దగ్గర ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. మిగతా ఎముకలు విరగడం ఇంకా పెరిగింది!

అంకె పెరిగింది, ఎముక విరిగింది. టెస్ట్ కవరేజ్ తొంభై శాతం దాటిందని కేకు కోసి, ఆ రాత్రే ప్రొడక్షన్ పడిపోవడం చూసిన వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

మరి మిషన్ తప్పా? కాదు. 1963లో విస్కాన్సిన్‌లో కామెరాన్, సోరెన్‌సన్ మొదలుపెట్టిన పద్ధతి 1980ల చివరికి ఇప్పటి డెక్సా స్కానుగా మారింది. రెండు రకాల ఎక్స్-రే కిరణాలు పంపి, ఎంత ఆగిపోయిందో కొలిచి, ఖనిజం లెక్క కడుతుంది. దాన్ని వయసులో ఉన్న ఆరోగ్యవంతుల సగటుతో పోలిస్తే వచ్చేదే టి-స్కోరు. మైనస్ రెండున్నర, అంతకంటే కిందకి వెళ్తే ఆస్టియోపొరోసిస్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో గీత గీసింది. అడిగినదానికి మిషన్ సరైన జవాబే చెప్తుంది. పేరుకున్న కాల్షియాన్నీ మంచి ఎముకనీ విడదీసి చెప్పమని దాన్నెవరూ అడగలేదు.

ఇంకో మెలిక కూడా ఉంది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకి చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్‌లో ఒక వ్యాసం రాశారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయినవాళ్లలో ఎముకలు గుల్లబారడం కూడా చూశామన్నారు. అంటే ఫ్లోరైడ్ నీళ్లు తాగినంత మాత్రాన అందరికీ అంకె పైకే పోతుందని లేదు. తిండి, కాల్షియం కూడా లెక్కలోకి వస్తాయి.

కాబట్టి స్కానింగు దండగ అని నేననట్లేదు. మన అమ్మలకీ అమ్మమ్మలకీ అది కావాల్సిందే. కాకపోతే అంకెతో పాటు మనిషి మాట కూడా వినాలి. అమ్మమ్మ చెల్లెలు ఇప్పటికీ కనిగిరి దగ్గర ఆ ఊళ్లోనే ఉంది. ఆవిడని పోయిన నెల తీసుకెళ్లాం. ఫారంలో పాత దెబ్బలు, మందులు, అలవాట్లు అన్నిటికీ గళ్లు ఉన్నాయి, నీళ్లకి లేదు. పైన ఖాళీలో పెన్నుతో రాసిచ్చాను, "పుట్టినప్పట్నుంచీ కనిగిరి వైపు నీళ్లు" అని.

అమ్మమ్మ ఇప్పుడు వాకరు పట్టుకుని నడుస్తోంది. ఇదంతా కూర్చోబెట్టి చెప్తే ఒకటే మాటంది: "ఆ మిషను చెప్పింది ఇన్నావు గానీ, నేను చెప్పింది ఇన్లేదు గదరా అబ్బయా."

నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారో ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు అడగండి. నడుము నొప్పి సంగతి కూడా.